వంటగదిలో పది నిమిషాలు

జూన్ 12, బుధవారం

నా భార్య సాయవ్వ నిన్న పొద్దున బస్సుకు ఉట్నూర్ వెళ్ళింది, తన తమ్ముడు వెస్లీ దగ్గరికి. నాలుగు రోజులుండి వస్తుంది. ఎండాకాలమంతా ఈ క్వార్టర్‌లో ఉడికిపోయింది, మనిషికి గాలి మార్పు ఉండాలి కదా.

ఆదివారం నా కథ అచ్చయింది. ఆ రెండింటికీ సంబంధం లేదు.

జూన్ 13

సంబంధం లేదని నిన్న రాసుకున్నాను. నేను తప్ప ఎవరూ చదవని నోటుబుక్కులో కూడా బుకాయింపేనా?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పేపరు ఆమె చేతిలో పెట్టింది నేనే. పదకొండు కథలు తిరిగొచ్చాక అచ్చయిన మొదటి కథ. అరపేజీ బొమ్మ కూడా వేశారు. మెచ్చుకుంటుందని చాయ్ కూడా నేనే పెట్టాను. ఆమె మంచం మీద కూర్చుని రెండుసార్లు చదివింది. పేపరు నాలుగు మడతలు పెట్టింది.

"నేను గట్ల అన్ననని నీకెవరు చెప్పిండ్రు?"

"అది కథ సాయవ్వా. పేర్లన్నీ మార్చిన గద."

"612 గూడ కథనేనా?"

612 బొగ్గుబాయిలో మా మామ లక్ష్మీరాజం దీపం నంబరు.

జూన్ 15, శనివారం

ఫస్ట్ షిఫ్ట్ దిగి రెండున్నరకు ఇంటికొచ్చాను. మాట్లాడే మనిషి లేదు కాబట్టి రాస్తాను.

నిరంజన్ సారు రిటైరైన లెక్చరర్. నెలకోసారి కరీంనగర్‌లో కథలు రాసేవాళ్ళను పోగుచేసి పాఠం చెప్తాడు. గోదావరిఖని నుంచి పోయేది నేనొక్కణ్ణే. మార్చిలో నా కథ చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆశీర్వాదం గారూ, మీ కథలల్ల అందరూ దేవుని బిడ్డలే. ఎవరికీ ఏమీ అక్కర్లేదు, ఎవరూ ఎవరికీ అడ్డం రారు. మరి నేను పేజీ ఎందుకు తిప్పాలె?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బస్సులో మాత్రం ఏడుపొచ్చింది.

ఆయన చెప్పినవన్నీ రాసుకున్నాను. కథలో మనిషికి ఏదో ఒకటి గట్టిగా కావాలి. దానికి పరాయివాడు కాదు, అయినవాడే అడ్డం రావాలి. ఇద్దరి వైపూ న్యాయం ఉండాలి, లేకపోతే అది పోలీసు రిపోర్టు అవుతుంది. నెత్తి మీద గడువు ఉండాలి. చదివేవాడికి కావలసింది చెప్పాలి గానీ అడిగిన వెంటనే చెప్పకూడదు, కాసేపు సతాయించాలి. ఇది నాకు కొత్త కాదు. బొగ్గుబాయి దగ్గర ల్యాంప్ రూంలో పని నాది. ఒక్కొక్కడికీ నంబరు చూసి టోపీ దీపం ఇస్తాను, షిఫ్ట్ అయిపోయాక తీసుకుంటాను. అన్ని దీపాలూ వచ్చి ఒక్క గూడు ఖాళీగా ఉంటే, ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. ఒకసారి గంటన్నర అట్లా ఖాళీ గూటిని చూస్తూ కూర్చున్నాను. సారు దాన్ని ఉత్కంఠ అంటాడు. నేనైతే అప్పుడు ఆ మనిషి నంబరు రిజిస్టర్లో పదిసార్లు చూశాను.

ఆఖరికి సారు అన్న మాట: "కొట్లాడే ఇద్దరిని ఒక గదిలోకి తోలి తలుపు ముయ్యాలె. రాసేటోడు లోపలే ఉండాలె. మీరేమో ఎప్పుడూ బయటనే నిలబడతరు."

ఎప్పుడూ బయటే. ఆ మాటకు నాకు మామ ఇంట్లో వంటగది గుర్తొచ్చింది.

జూన్ 16, ఆదివారం

చర్చిలో ముగ్గురు కథ బాగుందన్నారు. బయటికి వస్తుంటే కనకవ్వ నాకు వినబడేటట్టే అంది, "సాయవ్వ ఏ మొఖం పెట్టుకొని వస్తది పాపం. తమ్ముని నోట్లె మన్ను గొట్టె."

విననట్టు చెప్పులు వేసుకున్నాను.

జూన్ 17

అసలు సంగతి ఒకసారి పద్ధతిగా రాసుకుంటే మనసు కుదుటపడుతుంది.

తొంభై మూడులో మామ మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. కొడుకు వెస్లీకి ఇరవై ఏళ్ళు, వాడికే అని అందరూ అనుకున్నారు. నేను అల్లుణ్ణి, పెద్దపల్లిలో బట్టల దుకాణంలో జీతగాణ్ణి. సంతకాలు పెట్టాల్సిన రోజు పొద్దున సాయవ్వ, వెస్లీ వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పది నిమిషాలు. నేను బయట గడియారం చూస్తూ నిలబడ్డాను. వెస్లీ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, నౌకరీ నాకొద్దు, బావకియ్యుండ్రి అని కాగితం మీద సంతకం పెట్టాడు. సాయవ్వ అందరి ముందూ "నేనే అడిగిన" అంది. మామ చనిపోయేదాకా కూతురితో సరిగా మాట్లాడలేదు. వెస్లీ ఉట్నూర్ పోయి జీపు డ్రైవరయ్యాడు, ఇప్పటికీ అదే పని. నాకు ఉద్యోగం, క్వార్టరు, రేపు పెన్షను.

లోపల ఏం జరిగిందని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే చేతికొచ్చింది జారిపోతుందని మొదట భయం. తర్వాత అలవాటైపోయింది.

కథలో మాత్రం లోపలికి వెళ్ళాను. అక్క అయిదు నెలల కడుపు మీద చెయ్యి పెట్టి, "సంతకం పెట్టకపోతే ఇట్నుంచి ఇటే గోదావరి వంతెన మీదికి పోత" అంటుంది. ఆ మాట నేను పుట్టించిందే. భలే కుదిరింది అనుకున్నాను.

జూన్ 19

ల్యాంప్ రూంలో నాతో పనిచేసే పరశురాములు ఇవాళ అడిగేశాడు. "అన్నా, 612 అంటె లక్ష్మీరాజం గద. నేను ఆయన కింద పని నేర్చుకున్న. వదిన గంత పని చేసిందా?"

"కథ పరశురాములూ."

"అవునవును, కథ" అని నవ్వాడు.

పేర్లు మార్చాను, ఊరు మార్చాను, వంటగది గోడ రంగు కూడా మార్చాను. బాయి మీద పేరుతో మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నలుగురు మల్లయ్యలు, ముగ్గురు రాజలింగులు. నంబరే మనిషి. అన్నీ మార్చినవాణ్ణి, నంబరు దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి దానంతట అదే 612 వేసింది. ఎక్కడో ఒక చిన్న నిజం పెడితే మిగతాదంతా నమ్ముతారని సారు చెప్పాడు. నమ్మారు. బాయి మొత్తం నమ్మింది.

జూన్ 20

ఫోన్ రాలేదు. నేనే చేయాలా?

జూన్ 22

మా అమ్మాయి ఆరాధన కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. హాస్పిటల్లో డ్యూటీ మధ్యలో, ఊపిరి బిగబట్టి మాట్లాడినట్టుంది. "డాడీ, వంతెన మీదికి పోత అన్నప్పుడు కడుపుల ఉన్నది నేనే గద? నన్ను గూడ తోసేద్దామనుకున్నవా?" అంది.

కథ అని చెప్పబోయాను. ఆ మాట నాకే విసుగొచ్చి ఊరుకున్నాను.

జూన్ 23

ఫోన్ రాలేదు.

జూన్ 26

నిరంజన్ సారు ఫోన్ చేశాడు. పత్రికకు పద్నాలుగు ఉత్తరాలు వచ్చాయట. "మీరు తలుపు తీసిండ్రు ఆశీర్వాదం గారూ!" అన్నాడు. వాళ్ళ ప్రత్యేక సంచికకు ఇంకో కథ కావాలట, జూలై పది ఆఖరు.

అరగంట గాల్లో తేలాను. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక పాలవాడికి చెప్పాను. వాడు "అచ్ఛా" అని పాకెట్ ఇచ్చి పోయాడు.

జూన్ 29

అన్నం వండితే మూడు పూటలు వస్తోంది. ఇద్దరి కొలతే చేతికి అలవాటు. పచ్చడి, పెరుగు, మళ్ళీ పచ్చడి. తలుపు చప్పుడైతే లేచి చూస్తున్నాను, పక్క క్వార్టర్ వాళ్ళది. ఫోన్ మోగితే పరుగు, కంపెనీ మెసేజ్.

సారు చెప్పినవి నా మీదే వేసుకుని చూశాను. ఈ మనిషికేం కావాలి? భార్య రావాలి. అడ్డమెవరు? ఇక్కడ కలం ఆగింది. కొత్త కథకు రెండు పేజీలు రాసి పక్కన పడేశాను. చదివేవాణ్ణి సతాయించడం బాగానే ఉంటుంది. సతాయింపు పడుతున్నది మనమే అయితే, ఎవడైనా ఆఖరి పేజీ ముందే చూపిస్తే బాగుండు అనిపిస్తుంది.

ఒంటరిగా ఉంది. ఇంతకన్నా మంచి వాక్యం రావడం లేదు.

జూలై 1, సోమవారం

సాయంత్రం చర్చి అయ్యగారు వచ్చాడు. కుర్చీలో కూర్చుని వంటింటి వైపు ఒకసారి చూశాడు, చాయ్ రాదని అర్థమైంది.

"ఏడో తారీకు మొదటి ఆదివారం. ప్రభువు బల్ల ఉంటది. సాయవ్వమ్మ ఏ నెల గూడ తప్పలే. ఇద్దరికి విరోధం పెట్టుకొని బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ముట్టద్దు, నీకు తెలుసు. ముందు పోయి సమాధానపడు."

విరోధమేం లేదు అయ్యగారూ అన్నాను. ఆయన ప్రార్థన చేసి వెళ్ళాడు.

జూలై 4, గురువారం

లీవు పెట్టి ఉట్నూర్ పోయి వచ్చాను. ఉన్నదున్నట్టు రాస్తాను, ఇందులో కథ వద్దు.

మంచిర్యాలలో బస్సు మారాను. జన్నారం దాటాక అడవంతా వాన. వెస్లీ ఇంటికి చేరేసరికి పదకొండయింది. ఇంత వానలోనూ ముందు తలుపు, వెనక తలుపు బార్లా తెరిచి ఉన్నాయి, జల్లు లోపలికి కొడుతోంది. వాడి ఇల్లు ఎప్పుడూ అంతే. వెస్లీ జీపు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. సాయవ్వ నన్ను చూసి లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చింది. చిక్కిపోయింది. నేనూ చిక్కాను, ఆమె చూసిందో లేదో.

"తప్పు చేసిన సాయవ్వా" అన్నాను.

"ఏం తప్పు?"

"612 పెట్టుడు."

"గంతేనా?"

ఆమె తలుపుకు ఆనుకుని నిలబడి, గొంతు పెంచకుండానే అంది.

"ముప్పై ఒక్క ఏండ్లు నీ పక్కన పండుకున్న. ఒక్కనాడన్న అడిగినవా, ఏమైందే ఆ దినం అని? అడిగితె నీ నౌకరీ ఏడ పోతదో అని అడుగలే. నాకు తెల్వదా? సరే, అడుగకు. గని అడుగకుంట రాస్తవా?"

"ఇప్పుడు అడుగుతున్న. చెప్పు."

"ఇప్పుడు చెప్పను. ఒక్కటి యాదికి పెట్టుకో. ఇంకోసారి ఆ వంటింట్లకు నీ కథ వచ్చిందనుకో, నేనిగ ఆ ఇంటికి రాను."

లోపలికి వెళ్ళిపోయింది. చాయ్ చల్లారిపోయింది, అయినా తాగాను.

వెస్లీ బస్టాండు దాకా దింపుతానన్నాడు. వాడి జీపుకు పక్క తలుపులు లేవు, సగం తడిసిపోయాం. ఊరి బయట చింతచెట్టు కింద ఆపాడు.

"బావా, నీ కథ చదివిన. మంచిగనే రాసినవ్. గని అక్క నన్నేమి అడుగలే."

"మరి?"

"నేనే ఆమె కాళ్ళు పట్టుకున్న."

వాడు ముందు అద్దం వైపే చూస్తూ చెప్పాడు. "గంతకు నెల ముందు బాపు నన్ను బాయి లోపలికి తోల్కపోయిండు. చానా దూరం నడిచినంక ల్యాంపు బంద్ జేసిండు. చూడురా, గిదే మన చేను అన్నడు. నాకు ఊపిరాడలే బావా. లాగుల ఉచ్చ పోసుకున్న. లోపట అందరియి తడిసే ఉంటయ్ గద, బాపుకు తెల్వలే. ఆ పొద్దు వంటింట్ల అక్కకు చెప్పిన, నన్ను పంపితె నేను సచ్చిపోత అని. బొగ్గుబాయి మనిషి కొడుకు బాయికి భయపడ్డడంటె బాపు తలెత్తుకుంటడా? నాకు పిల్లనెవరిస్తరు? అక్క కొంగుతోని నా మొఖం తుడిచింది. నేనే అడిగిన్నని చెప్త, నువ్వు పోయి సంతకం పెట్టు అన్నది. గంతే. మిగిలిన సేపంత నేను ఏడ్సుడే."

వాన తగ్గింది.

"ఎవ్వలకు చెప్పద్దని అక్క ఒట్టు పెట్టిచ్చుకున్నది. నా పెండ్లానికి గూడ తెల్వది. నువ్వు రాయి బావా. నా పేరు పెట్టే రాయి. యాభై దాటినై, బిడ్డల పెండ్లిళ్ళు అయినై, ఇగ నాకేం సిగ్గు? అక్క మీద పడ్డ మాట పోవాలె. అచ్చయినంక అక్కకు తెలుస్తది, తిడితె తిట్టనీ."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు నా భార్య నాకోసం తమ్ముణ్ణి ముంచిందని నమ్మాను. లోలోపల దానికి కాస్త గర్వపడ్డాను కూడా. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

జూలై 5

పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి పదకొండు పేజీలు వచ్చాయి. కొట్టివేత ఒక్కటి లేదు. సారు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి, ఒక్కటీ నేను పెట్టలేదు. ఇద్దరి వైపూ న్యాయం. గుమ్మం బయట సంతకానికి గడువు. లోపల ఏడుస్తున్న పిల్లవాడు, వాడి మొహం తుడుస్తున్న అక్క. బయట గడియారం చూస్తూ ఒక వెధవ.

ఇంత మంచిది మళ్ళీ రాయలేను. సాయవ్వ పేరు కడిగినట్టవుతుంది. వెస్లీ రాయమన్నాడు కూడా. ఆమె మంచికే కదా.

కవరు మీద అడ్రసు రాశాను.

జూలై 6, శనివారం

పోస్టాఫీసు దాకా పోయి వెనక్కి వచ్చాను.

ఆమె మంచికే అని నిన్న రాశాను. ఉత్త మాట. నిరంజన్ సారు కళ్ళద్దాలు తీయకుండా చదువుతుంటే చూడాలని నా ఆశ. ఆమె చెడ్డపేరు మోసింది తమ్ముడి పరువు కోసం. కన్నతండ్రి ముఖం తిప్పుకున్నా నోరు విప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. అది నేను పత్రికలో పెడితే, మొన్న ఆమెను అమ్మాను, రేపు ఆమె దాచుకున్నదాన్ని అమ్ముతాను.

సారుకు ఫోన్ చేసి కథ లేదన్నాను. "ఇంత మంచి ఊపు మీదుండి?" అన్నాడు. జ్వరమని చెప్పాను. పదకొండు పేజీలు చించేశాను. ఇంకోసారి చదివితే పంపుతానని భయమేసి చదవకుండా చించాను.

కానీ కనకవ్వ నోరు అట్లాగే ఉంది. బాయి అట్లాగే ఉంది. చించితే సాయవ్వ పేరు బాగుపడదు.

జూలై 7, ఆదివారం

ఆమె వచ్చింది. నేను కలలో కూడా ఊహించలేదు. వెస్లీ పొద్దున్నే బస్సెక్కించాడట. తిన్నగా చర్చికే వచ్చి ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో కూర్చుంది. కనకవ్వ కాస్త పక్కకు జరిగింది. చోటివ్వడానికి జరగలేదు.

సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగాడు. రోగం తగ్గినవాళ్ళు, పిల్లలు పాసైనవాళ్ళు లేస్తారు. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ లేవలేదు. ఇవాళ లేచాను.

"నేను పేపర్ల ఒక కథ రాసిన. అందరు చదివిండ్రు. అండ్ల వంటింట్ల అక్క అన్న మాటలు నేను పుట్టిచ్చినయే. నా భార్య గట్ల అన్నదని నాకెవ్వలు చెప్పలే. పేరొస్తదని రాసిన. మా మామ దీపం నంబరు పెట్టి, ఇంటి ఆడిమనిషిని బజార్ల పెట్టిన. ఆ దినం ఆ తలుపు ఎనుక ఏమైందో నాకు తెల్వదు. ఇప్పటికి గూడ తెల్వదు. తెల్వకుంట రాసిన. తప్పయింది."

కనకవ్వ తల వంచుకుంది. అయ్యగారు "దేవునికి స్తోత్రం" అన్నాడు, అందరూ అన్నారు. తర్వాత బల్ల దగ్గరికి పిలిచాడు, నా వైపు చూసి మరీ పిలిచాడు.

ఒక్కొక్క వరస లేచి పోతోంది. నా వరస లేచింది. నేను లేవలేదు. ఇప్పుడే దేవుని ఇంట్లో నిలబడి, తెలిసిన సంగతిని తెలియదని సాక్ష్యం చెప్పి వచ్చినవాణ్ణి. ఆ చేతులు చాపి రొట్టె ఎట్లా తీసుకోను? పక్కవాడు మోచేత్తో పొడిచాడు. తల అడ్డంగా ఊపాను.

అవతలి వైపు సాయవ్వ లేచి కొంగు సర్దుకుంది. నడవబోతూ మగవాళ్ళ వైపు చూసింది. ఖాళీ బెంచీలో నేనొక్కణ్ణే కూర్చుని ఉన్నాను. అట్లాగే నిలబడి చూసింది. నేను అబద్ధమాడానని ఆమెకు తెలిసిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క నెల తప్పనిది, వెనక్కి వచ్చి మెల్లగా కూర్చుంది.

మా రెండు వరసల వాళ్ళూ బల్ల దగ్గర మోకాళ్ళ మీద ఉన్నారు. ఆ బెంచీల్లో మిగిలింది మేమిద్దరమే. ఆ వైపు ఆమె, ఈ వైపు నేను. పెళ్ళైనప్పటి నుంచి అంత దగ్గరగా ఎప్పుడూ లేము అనిపించింది.

బయట చినుకులు. గేటు దగ్గర నా పక్కకు వచ్చి నిలబడింది.

"వెస్లీ చెప్పిండా?"

"ఏం చెప్పాలె? నాకేం తెల్వదు."

నా ముఖంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కారనివ్వలేదు.

"గట్లనే ఉండు" అంది.

ఆటో ఆగింది. ఆమె ఎక్కింది, నేను ఎక్కి కూర్చున్నాను. బస్టాండా, క్వార్టర్లా అని అడిగాడు ఆటోవాడు. ఆ మాట నేను చెప్పేది కాదు. ఆమె తడిసిన కొంగు పిండుకుంది, చెప్పులకంటిన బురద చూసుకుంది, వాడు వెనక్కి తిరిగి మళ్ళీ అడిగాడు.

"క్వార్టర్లకు పోనీ" అంది సాయవ్వ.